చిన్న మాస్టారు

మా తమ్ముడికి ఒళ్ళు వంగదని అందరూ అంటారు. అది అన్యాయం. వాడు బుద్ధెరిగినప్పటినుంచీ పడ్డ కష్టమంతా కష్టం తప్పించుకోవడానికే పడ్డాడు. ఆ లెక్కన చూస్తే మా ఇంటావంటా వాడంత కష్టజీవి ఇంకొకడు లేడు.

బడికెళ్ళే రోజుల్లో పరీక్షల ముందు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునేవాడు. అలా చేస్తే పాఠం దానంతటదే బుర్రలోకి ఎక్కుతుందని ఎవడో చెప్పాడట. మీసాలు వచ్చే వయసులో పొడుగు పెరగాలని తలుపు పైన ఉన్న ఇనప కమ్మీ పట్టుకుని వేలాడేవాడు. కొన్నాళ్ళకి కమ్మీ ఊడి చేతికొచ్చింది గానీ వాడు అంగుళం కూడా పెరగలేదు. ఆ తర్వాత నిద్రలోనే పరాయి భాష నేర్పే పాఠాలు చెవిలో పెట్టుకుని పడుకున్నాడు. "ఏమైనా వచ్చిందా?" అని అడిగితే, "నిద్రలో గలగలా మాట్లాడేస్తున్నానక్కా, లేచేసరికి పోతోంది" అన్నాడు.

ఇలాంటి మాట విన్నాక ఎవరికైనా కోపం నిలుస్తుందా? నాకు నిలిచేది. ఎందుకంటే వాణ్ణి పెంచింది నేను. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నాన్న కొన్నాళ్ళు ఉన్నా లేనట్టే ఉండి, తర్వాత నిజంగానే లేకుండా పోయాడు. నాకు పెళ్ళయితే వాడూ నాతోపాటు అత్తారింటికి వచ్చాడు. నా మొగుడు పోయాక నాకంటూ మిగిలినవాడు వాడొక్కడే. అందుకని వాణ్ణి తిట్టే హక్కు నాది, ఇంకెవరైనా తిడితే ఊరుకునేదాన్ని కాదు.

మేమిద్దరం బట్టలు కుట్టే షాపులో పనిచేసేవాళ్ళం. కింద చెప్పుల దుకాణం, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన పొడుగాటి హాలు. వీధివైపు కిటికీల కింద కుట్టుమిషన్లు వరసగా ఉంటాయి. గోడవారగా నా ఓవర్‌లాక్ మిషను. గుడ్డ అంచుల్లో దారాలు లేచిపోకుండా అల్లి కట్టేయడం దాని పని, దానితోపాటు నాదీను. హాలు నడిమధ్యలో కటింగ్ బల్ల. మనిషి బారుగా పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత బల్ల అది. దాని దగ్గర కటింగ్ మాస్టారు నిలబడేవారు. మిగతా అందరం కూర్చుని పనిచేస్తాం, ఆయనొక్కరే నిలబడి చేస్తారు. మా షాపులో పెద్దరికమంటే నిలబడటమే.

తమ్ముడు కాజాలు కుట్టేవాడు. బొత్తాం దూరే కన్నం చుట్టూ చేత్తో కుట్టే దారపు అంచుని మేం కాజా అంటాం. వాడు కుట్టిన కాజా చూడాలి మీరు. కుట్టు పక్కన కుట్టు చీమల బారులా ఒదిగి కూర్చునేది. పై కుట్టు బిగువు, కింది కుట్టు బిగువు ఒకటే. కోట్లు కుట్టించుకునే పెద్దవాళ్ళు "కాజాలు మాత్రం ఆ అబ్బాయిచేతే వేయించండి" అని మరీ చెప్పి వెళ్ళేవారు. ఆ విద్య వాడికి ఊరికే రాలేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చోబెట్టుకుని, వంకరపోయిన ప్రతి కుట్టూ విప్పించి, ఏడుస్తుంటే ముక్కు తుడిచి, మళ్ళీ కుట్టించాను. ఏళ్ళూ పూళ్ళూ అలాగే గడిచాయి. ఎప్పుడొచ్చిందో వాడికే తెలియకుండా చేతికి వచ్చేసింది.

అందుకేనేమో వాడు దాన్ని విద్య కింద జమకట్టలేదు. "కన్నానికి అంచు కట్టుకుంటూ కూర్చోవడం కూడా ఒక బతుకేనా అక్కా?" అనేవాడు. వాడి దృష్టిలో గెలుపంటే ఒక రోజు పొద్దున్నే లేచేసరికి జరిగిపోయి ఉండాలి.

దానికి తోడు ఫోనులో ఒక పెద్దమనిషి తగులుకున్నాడు. మొహం నేను చూడలేదు, గొంతు మాత్రం విన్నాను. తేనె పూసిన గొంతు. కాజాలు కుడుతున్నంతసేపూ ఆయన తమ్ముడి చెవిలోనే కాపురం ఉండేవాడు. కష్టం మూర్ఖుల దారి అనేవాడు. రోజుకి కాసేపు కళ్ళు మూసుకుని నువ్వు కావాలనుకున్నది అయిపోయినట్టు చూసుకుంటే చాలు, మిగతాది లోకమే చూసుకుంటుంది అనేవాడు. లోకానికి వేరే పనేమీ లేనట్టు! "అంత తేలికైతే ఆయనెందుకు రోజూ గొంతు చించుకుంటున్నాడు? కళ్ళు మూసుకుని కూర్చోవచ్చుగా" అన్నాను ఒకసారి. తమ్ముడు నావైపు జాలిగా చూశాడు. నా బాగు కోరి చూసిన చూపే అది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

ఇలా ఉండగా ఒకరోజు ఓనరుగారు తమ్ముణ్ణి పిలిచి విషయం చెప్పారు. ఆయన మెతక మనిషి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెబుతారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"కాజాల మిషను కొంటున్నానయ్యా. అందరూ కొనేశారు, ఇంక నేనూ తప్పించుకోలేను. అది వచ్చాక చేత్తో కుట్టేవాడికి ఇక్కడ పని ఉండదు. అయితే మాస్టారి చెయ్యి వణుకుతోంది, నువ్వూ చూస్తూనే ఉన్నావు. బల్ల దగ్గరికి ఒకడు కావాలి. నేర్చుకుంటానంటే ఆ చోటు నీది. లేదంటావా, వేరే చోటు చూసుకో. ముందుగా చెప్పడం నా ధర్మం."

వేరే చోటు ఎక్కడుంది? ఊళ్ళో షాపులన్నిటిలోనూ మిషన్లు వచ్చేశాయి. కాజా తప్ప వాడికి వచ్చిన పని ఇంకోటి లేదు. నాకు గుండెల్లో రాయి పడింది. వాడికి మాత్రం మొహం వెలిగిపోయింది. "చూశావా అక్కా! కావాలనుకున్నాను, కాళ్ళదగ్గరికి వచ్చింది" అన్నాడు.

మాస్టారు కూడా సంతోషించారు. ఆయనకి పిల్లల్లేరు. భార్య పోయి చాలాకాలమైంది. ఎప్పుడూ తల వంచుకుని పని చూసుకోవడమే గానీ పదిమందితో కలిసే రకం కాదు. కానీ తమ్ముడంటే మనసు. "పొద్దున్నే అందరికంటే ముందు వచ్చెయ్యరా నాన్నా. పాత పేపర్లు కోయిస్తాను. చెయ్యి కుదిరేదాకా కాగితమే. తర్వాత చింకి గుడ్డలు. ఆ తర్వాత చూద్దాం" అన్నారు.

తమ్ముడు వెళ్ళాడు. మొదట్లో నేను లేపకముందే లేచి వెళ్ళాడు. ఆ తర్వాత నేను లేపితే వెళ్ళాడు. ఆ తర్వాత లేపినా లేవలేదు. "పొద్దస్తమానం పేపరు ముక్కలు కోస్తూ కూర్చుంటే నేనెప్పుడు మాస్టార్నవుతాను? చేత్తో చేసినా మనసులో చేసినా ఒకటేనట" అన్నాడు. చెవిలో పెద్దమనిషి చెప్పాడన్నమాట. అప్పటినుంచి ఇంట్లోనే మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళూ కత్తెరలా తెరుస్తూ మూస్తూ గాలిని కోసేవాడు. "ఏం చేస్తున్నావురా?" అంటే, "కోటు కోస్తున్నాను, అక్కడినుంచి లే, నీ మోకాలి కింద గుడ్డ ఇరుక్కుంది" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. వాడూ నవ్వాడు. మా ఇంట్లో నవ్వులకేం తక్కువ లేదు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. కొలతల టేపు కొనుక్కుని మెడలో వేసుకున్నాడు. మా పనిలో టేపు మెడలో వేసుకునేది మాస్టారొక్కరే. మాకు టేపుతో పనుండదు. అందరూ ముందు నోళ్ళు వెళ్ళబెట్టారు, తర్వాత కుట్టుమిషన్లవైపునుంచి ఒకడు "చిన్న మాస్టారూ, నా నడుం కొలత కాస్త చూస్తారా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ రోజునుంచి వాడి పేరు చిన్న మాస్టారు అయిపోయింది. వాడికి తిక్క రేగుతుందేమో అనుకున్నాను. లేదు, పిలిస్తే పలికాడు. మాస్టారు కూడా నవ్వి, దగ్గరికి వచ్చి, వాడి మెడలో మెలిపడ్డ టేపుని సరిచేసి వెళ్ళారు. అంత మంచాయన ఆయన.

ఆ మంచితనంతోనే వాడు అడిగింది కూడా ఇచ్చేశారు. బల్ల వెనక గోడకి మేకుల మీద మాస్టారి అట్ట పాటర్నులు వేలాడుతుంటాయి. కోటు వెన్నుభాగం, ముందుభాగం, చేతులు, కాలరు, ప్రతిదానికీ ప్రతి సైజుకీ అట్ట ముక్క కోసి ఉంటుంది. వాటిని గుడ్డమీద పెట్టి సుద్దతో చుట్టూ గీసి ఆయన కోస్తారు. ఏళ్ళ తరబడి సరిచేసుకుంటూ వచ్చిన అట్టలు. చేతి చెమటకి అంచులు నల్లబడిపోయాయి. "మాస్టారూ, ఇవి గీసుకోనా?" అని తమ్ముడు అడిగాడు. "గీసుకోవడమేంట్రా, నా తర్వాత అన్నీ నీవే" అన్నారాయన.

ఒక సెలవురోజున తమ్ముడు వాటన్నిటినీ ఇంటికి తెచ్చి, నేల మీద బోర్లా పడుకుని, కొత్త అట్టల మీద గీసి కోశాడు. ఆ రోజు వాడి చెయ్యి చూస్తే నాకు ముచ్చటేసింది. వెంట్రుకవాసి తేడా లేదు. కాజాలు కుట్టిన చెయ్యి కదా. పని అయ్యాక అట్టలన్నీ దొంతరగా పేర్చి, "మాస్టారి జీవితమంతా ఒక్కరోజులో ఇంటికి తెచ్చేశానక్కా" అన్నాడు. "గెలిచినవాడు ఏం చేశాడో అదే చెయ్యి, కొత్తగా దారి వెతుక్కునే తిప్పలుండవు అని ఆయన ఎప్పుడో చెప్పాడు." ఆయనంటే ఎవరో చెప్పక్కర్లేదు.

అంతా గీసుకున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు.

వానలు తగ్గిన రోజుల్లో ఓనరుగారికి పెద్ద ఆర్డరు తగిలింది. కొత్తగా తెరవబోతున్న పెద్ద హోటలు ఒకటి తమ పనివాళ్ళందరికీ ఒకేరకం ముదురు నీలం కోట్లు కుట్టమంది. ఆ రంగు తమకోసమే వేయించామని, ఒక్క గజం కూడా బయట దొరకదని, జాగ్రత్త అని చెప్పి గుడ్డ పంపారు. మెట్ల మీదుగా ఆ తాన్లు మోసుకొచ్చేసరికి మనుషులకి నడుములు పడిపోయాయి. సరిగ్గా ఆ వారమే మాస్టారికి చెయ్యి మరీ ఎక్కువగా వణికి, డాక్టరు దగ్గరికి వెళ్తే, పరీక్షలు చెయ్యాలని ఆసుపత్రిలోనే ఉంచేశారు. హోటలు తెరిచే రోజు ఆగదు.

ఓనరుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చారు. "ఏమయ్యా, కోయగలవా? నిజం చెప్పు. భయముంటే చెప్పు, బయటినుంచి ఎవరినైనా బతిమాలుకుంటాను."

మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ తమ్ముడివైపే చూశారు. వాడు మెడలో టేపు సవరించుకుని, "అయిపోయినట్టే అనుకోండి" అన్నాడు.

నేను లేచి వెళ్ళి చెవిలో చెప్పాను. "ఒక్కటి కోయి. కుట్టించి చూద్దాం. బాగుంటే మిగతావి కోద్దువుగాని."

"అనుమానంతో మొదలుపెట్టిన పని చెడుతుందక్కా."

"పోనీ మాస్టారికి ఒక్కసారి ఫోన్ చెయ్యరా."

"ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడం? ఆయన అట్టలు నా దగ్గరున్నాయి కదా, ఆయనున్నట్టే" అన్నాడు.

గుడ్డని బల్ల పొడుగునా మడత మీద మడతగా, దిండులా లేచేదాకా పరిచారు. కరెంటుతో కోసే కత్తి ఒకటి ఉంది మా దగ్గర, దాంతో మందపాటి దొంతర మొత్తం ఒకేసారి తెగుతుంది. మాస్టారు దాన్ని ఎప్పుడో గాని తీయరు. తమ్ముడు తీశాడు. అట్టలు పెట్టాడు, సుద్దతో గీశాడు, గీత మీదుగా కత్తి నడిపాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. గీత పొరపాటున కూడా దాటలేదు. వాడు అలా బల్లముందు నిలబడి, ఒక చేత్తో గుడ్డని అదిమిపట్టుకుని, తల కాస్త పక్కకి వాల్చి కోస్తుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నిజం చెప్పాలి కదా. ఇన్నాళ్ళూ నేనే తప్పుగా అనుకున్నానేమో, వీడి దారే సరైనదేమో, ఊరికే సతాయించానేమో అనిపించింది. చిన్న మాస్టారని వెక్కిరించినవాళ్ళే లేచొచ్చి చూశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి మొత్తం గుడ్డంతా ముక్కలుగా కట్టలు కట్టేశాడు. మాస్టారికి వారం పట్టే పని అది.

"ఇంతేనక్కా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. అమ్మ ఉంటే చూసేదని అనుకున్నాను.

మర్నాటికి మొదటి కోటు తయారైంది. కుట్టినవాడే తీరుగా ఉందో లేదో చూద్దామని తొడుక్కోబోయాడు. చేతులు మోచేతుల దాకా వెళ్ళి ఆగాయి. బలవంతంగా లాక్కుంటే చంకలదగ్గర బిగుసుకుపోయింది. ముందు రెండు అంచులూ పొట్టమీద కలవలేదు. ఎవరో "పొట్ట తగ్గించరా" అని నవ్వారు. సన్నగా ఉండే ఇంకొకడికి తొడిగారు. అతనికీ కలవలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఇంకో కోటు కుట్టించారు. దానిదీ అదే పరిస్థితి. ఓనరుగారు అట్టలు తెచ్చి పక్కన పెట్టారు. మాస్టారి అట్టకీ తమ్ముడి అట్టకీ తేడా లేదు. తమ్ముడి అట్టకీ కోసిన ముక్కకీ తేడా లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కోటు మాత్రం మనిషికి పట్టడం లేదు. 

మాస్టారికి కబురు వెళ్ళింది. ఆయన డాక్టరుకి కూడా చెప్పకుండా లేచి వచ్చేశారు. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే ఒక ముక్క తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. అంచుని వేళ్ళతో తడిమారు. మళ్ళీ తడిమారు, అక్కడ ఉండాల్సింది ఏదో కనబడనట్టు.

"కుట్టుకి గుడ్డ ఏదిరా?" అన్నారు.

అప్పుడు అర్థమైంది అందరికీ. రెండు ముక్కలు కలిపి కుట్టాలంటే ప్రతి అంచునా వేలెడు వెడల్పు గుడ్డ అదనంగా ఉండాలి. అది కుట్టు లోపలికి పోతుంది. దాన్నే మార్జిన్ అంటాం. మాస్టారి అట్టల్లో అది లేదు. అట్ట మనిషి ఒంటికొలత మాత్రమే. ఆయన సుద్దతో గీత గీసి, కత్తెరని ఆ గీతకి బయటగా, కంటి అంచనాతో నడిపేవారు. ఎంత వదలాలో ఆయన చేతికి తెలుసు. మా దగ్గరికి వచ్చే ముక్కల్లో మార్జిన్ ఎప్పుడూ ఉండేది కాబట్టి అదెక్కడినుంచి వస్తుందో మేమెవరం ఆలోచించలేదు. తమ్ముడు ఆయనకి చేతికందే దూరంలో ఏళ్ళ తరబడి కూర్చున్నాడు, చెవిలో ఆ గొంతు వింటూ. ఆయన కత్తెర ఎక్కడ నడుస్తోందో ఒక్కపూట తలెత్తి చూసినా తెలిసేది. పొద్దున్నే వెళ్ళి పేపర్లు కోసినన్నాళ్ళూ ఆయన కాగితాన్ని గీత మీదే కోయించారు, చెయ్యి కుదరడానికి. గీత బయట కోయడం గుడ్డ దగ్గరికి వచ్చాక వచ్చే పాఠం. అంతవరకూ వీడు ఆగలేదు.

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మెడలో టేపు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మాస్టారు ఓనరుగారివైపు తిరిగి, "నేను చెప్పలేదు. తప్పు నాది" అన్నారు. ఓనరుగారు కళ్ళద్దాలు తీయలేదు ఆ రోజు. గోడకి జారగిలబడి, నీలం గుడ్డ కట్టలవైపు చూస్తూ కూర్చుండిపోయారు. అతుకులు వేసి ఏమైనా చెయ్యొచ్చేమో అని అందరం తలో ఉపాయం చెప్పాం. అతుకుల కోట్లు ఎవరు తొడుక్కుంటారు? ఆర్డరు పోయింది. ఆ దెబ్బకి మూడు మిషన్లు అమ్మేశారు. వాటిమీద కూర్చునేవాళ్ళు ముగ్గురూ పని పోగొట్టుకుని మెట్లు దిగి వెళ్ళారు. వాళ్ళలో ఒకావిడ నాతో రోజూ కలిసి భోంచేసేది. ఇప్పుడు వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. ఆవిడ్ని ఏమనగలను?

తమ్ముణ్ణి కూడా పంపేశారు. కానీ తలుపు పూర్తిగా మూయలేదు. "మాస్టారు దగ్గరుండి నేర్పి, వీడికి పని వచ్చిందని చెబితే మళ్ళీ తీసుకుంటాను. చెయ్యి మంచిదని నాకూ తెలుసు" అని ఓనరుగారు నాతో అన్నారు. అంత నష్టపోయిన మనిషి అలా అనడం ఎంత గొప్ప సంగతో నాకు తెలుసు. పరుగున ఇంటికొచ్చి చెప్పాను. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "సరే" అన్నాడు. రేపు వెళ్తానన్నాడు. మర్నాడు తలనొప్పి అన్నాడు. ఆ తర్వాత కాలు బెణికింది అన్నాడు. కుంటిసాకులు కూడా మునుపట్లా నవ్వొచ్చేలా చెప్పడం లేదు.

వాడు రాకపోయేసరికి మాస్టారే మా ఇంటికి వచ్చారు.

మాది మూడో అంతస్తులో ఒక గది, వంటకి చిన్న చోటు, రేకు తలుపున్న స్నానాల గది. కిటికీలోంచి ఆయన వీధి మలుపు తిరగడం చూసి తమ్ముడు గబుక్కున లేచి స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. "లేనని చెప్పక్కా" అన్నాడు లోపలినుంచి. మాస్టారు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చారు. వాడు బయటికి వెళ్ళాడని చెప్పాను. ఆయన గుమ్మం దగ్గర విడిచిన వాడి చెప్పులవైపు చూశారు.  మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, "రేపు వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు.

చెప్పినట్టే వచ్చారు. ఆ తర్వాత మళ్ళీ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ వాడు రేకు తలుపు వెనక్కి వెళ్ళేవాడు, నేను అబద్ధమాడేదాన్ని, ఆయన నమ్మినట్టు తల ఊపేవారు. ఆయన వెళ్ళాక తమ్ముడితో పెద్ద గొడవ. "ఆ పెద్దాయన కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నార్రా! సిగ్గుగా లేదూ?" అని అరిచాను. "సిగ్గే కదక్కా" అన్నాడు. కాసేపటికి, "మళ్ళీ కాగితం దగ్గరినుంచి అంటే... ఎన్నేళ్ళు పడుతుందో నీకేమైనా తెలుసా?" అన్నాడు. ఆ రెంటిలో ఏది అసలు కారణమో నాకు ఇప్పటికీ తెలీదు. వాడికీ తెలుసని నేననుకోను.

చివరిసారి వచ్చినప్పుడు మాస్టారు వాడెక్కడికి వెళ్ళాడని నన్ను అడగలేదు. మంచం అంచున, రేకు తలుపుకి ఎదురుగా కూర్చున్నారు. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికింది.

"ఓనరు ఇంక ఆగలేనన్నాడమ్మా. రేపు పొద్దున వీడు రాకపోతే వేరే ఊరినుంచి ఒకతన్ని పిలిపించుకుంటాడు. ఆయన తప్పేం లేదు."

"నేను పంపిస్తాను మాస్టారూ."

ఆయన నామాట విన్నట్టు లేదు. నాతో మాట్లాడుతున్నట్టూ లేదు. "గీత బయట కోస్తానని నేను వాడికెందుకు చెప్పలేదా అని రోజూ ఆలోచిస్తున్నాను. ఎందుకంటే నాకే తెలీదు, నేనలా చేస్తున్నానని. ఎప్పుడో మా గురువుగారి పక్కన నిలబడి చూసి పట్టుకున్నది. చెయ్యి చేసుకుపోతోంది, నేను చూసుకోలేదు. ఇలాంటివి ఈ చేతిలో ఇంకా ఎన్నున్నాయో! అడిగితే చెప్పలేను. పక్కన ఒకడు నిలబడి చూస్తుంటే, ఇదేంటి అదేంటి అని విసిగిస్తుంటే, అప్పుడు బయటపడతాయి. ఇంకో ఏడాదికి ఈ చెయ్యి చెంచా కూడా పట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. వాడు నాకు చేసే సాయం అనుకుని రమ్మనండి. తిట్టను. ఆ కోట్ల మాట ఎత్తను."

లోపల ఏ చప్పుడూ లేదు. వాడు వింటున్నాడని ఆయనకీ నాకూ తెలుసు. గది అంత చిన్నది. నేను ఆ తలుపువైపే చూశాను. రారా, బయటికి రా, ఒక్క అడుగు, నీకు పుణ్యముంటుంది అని మనసులో బతిమాలుకున్నాను. గడియ మీద చెయ్యి పడిన చప్పుడు వినిపించింది. నిజంగానే వినిపించింది, నా భ్రమ కాదు. మాస్టారు కూడా తలెత్తారు.

అంతలో లోపల కుళాయి తిప్పిన చప్పుడు. బకెట్లో నీళ్ళు ధారగా పడటం మొదలైంది. ఇక ఏ మాటా వినబడనంత జోరుగా పడుతూనే ఉంది.

మాస్టారు ఆ నీళ్ళ చప్పుడు విని గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళమీద చేతులానించి లేచారు. నేను కూడా మెట్లదాకా వెళ్ళాను. సాయంగా చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడి చూశాను. వెనక్కి తిరిగి చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు.

"వెళ్ళిపోయారు" అని తలుపు కొట్టాను.

కుళాయి ఆగింది. "మళ్ళీ వస్తానన్నారా?"

"లేదు. ఇంక రారు."

గడియ తీసుకుని బయటికి వచ్చాడు. ఏడ్చి ఉంటాడనుకున్నాను. నా కాళ్ళమీద పడి ఏడుస్తాడని, అప్పుడు ఇద్దరం పరుగెత్తుకుంటూ వెళ్ళి మలుపు అవతల ఆ పెద్దాయన్ని పట్టుకోవచ్చని, ఇంకా సమయం ఉందని పిచ్చిగా ఆశపడ్డాను. కానీ ఆ నీలం కోట్ల రోజు తర్వాత మొదటిసారి వాడి మొహం తేటగా ఉంది. భుజాల మీదినుంచి ఏదో బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "హమ్మయ్య" అన్నాడు, నాతో కాదు, తనలో తను. తర్వాత నావైపు తిరిగి, "ఆకలేస్తోందక్కా, భోజనం పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు.